ఒక్క మాట చోటు తప్పింది... 120 ప్యాంట్లు వాపసు వచ్చాయి!

మాది రాయదుర్గం. పక్కనే బళ్లారి కాబట్టి మా ఇంట్లో సగం మాటలు కన్నడంలో నడుస్తాయి. ఏ వీధిలోకి వెళ్లినా కుట్టుమిషన్ల చప్పుడే. వాన లేక వేరుశనగ చేను ఎండిపోయిన ప్రతిసారీ ఇంకో ఇంట్లో ఇంకో మిషన్ వెలుస్తుంది. మా నాయన కూడా అలాగే చేను వదిలి జీన్స్ లోకి వచ్చాడు. ఇప్పుడు మాకు ఎనిమిది మిషన్లు. డిగ్రీ చదివాను కదా అని లెక్కలు, వాట్సాప్, ఇంగ్లిష్ మెయిల్స్ నాకు అప్పజెప్పాడు.

రెండేళ్ల క్రితం ఒక బెంగళూరు వ్యాపారి ఆర్డర్ ఇస్తూ, పీసుల్లో లోపాలుంటే ఏం చేస్తారో మెయిల్‌లో రాయమన్నాడు. నాయన చెప్పింది ఇదే: "కుట్టు సరిగా లేని ప్యాంట్లు, జాకెట్లు వాపసు తీసుకుంటామని రాయప్పా." నేను టకటకా టైప్ చేశాను: 'వుయ్ విల్ టేక్ బ్యాక్ ప్యాంట్స్ అండ్ జాకెట్స్ విత్ స్టిచింగ్ డిఫెక్ట్స్.' స్పెల్లింగ్ తప్పు లేదు, గ్రామర్ తప్పు లేదు. సెండ్ కొట్టేశాను.

రెండు నెలలకు ట్రాన్స్‌పోర్ట్ ఆటోలో మూటలు దిగాయి. విప్పి చూస్తే 120 ప్యాంట్లు. ఒక్కదానిలో కూడా దారం ఊడలేదు. అమ్ముడుపోలేదంతే! ఫోన్ చేస్తే ఆయన చాలా కూల్‌గా అన్నాడు: "మీరే రాశారు కదా బ్రదర్. లోపం ఉండాల్సింది జాకెట్లకే. ప్యాంట్లయితే ఎలా ఉన్నా వాపసు తీసుకుంటామన్నారు."

మెయిల్ మళ్లీ చదివాను. గొంతు ఎండిపోయింది. నిజంగానే అలా కూడా చదవొచ్చు.

పీసు 350 చొప్పున 42,000 రూపాయలు. నాయన గంటసేపు కన్నడంలో మాట్లాడి మాట్లాడి సగానికి ఒప్పించాడు. 60 పీసులు మేం తీసుకుని 200 లెక్కన అమ్మేశాం. పీసుకు 150 పోయింది, మొత్తం 9,000. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులకు కూడా నేను అంత కట్టలేదు.

ఇంతకీ జరిగిందేంటంటే, తెలుగులో మనం వర్ణించే మాటను ముందు పెడతాం. 'కుట్టు సరిగా లేని' అన్నాకే ప్యాంట్లు వస్తాయి. ఇంగ్లిష్‌లో 'విత్', 'హూ', 'విచ్' లాంటి వాటితో మొదలయ్యే వర్ణన వెనక వస్తుంది. అది తన ముందున్న మాటలన్నింటికీ వర్తిస్తుందా, పక్కనే ఉన్న ఒక్కదానికేనా? చదివేవాడి ఇష్టం. చదివేవాడికి అవసరం ఉంటే మరీ ఇష్టం!

తెలుగులో ఈ తిప్పలు లేవని కాదు. బట్టల షాపు మీద 'కొత్త చొక్కాలు, ప్యాంట్లు' అని ఉంటే ప్యాంట్లు కూడా కొత్తవేనా? తెలుగులో అనుమానం చివరి వస్తువు మీద పడుతుంది, ఇంగ్లిష్‌లో మొదటి వస్తువు మీద పడుతుంది. నా తెలుగు బుర్రకు ఆ రెండో అనుమానం తట్టనే లేదు.

నేనొక్కడినే ఇరుక్కున్నానేమో అనుకున్నా. వెతికితే అమెరికా సుప్రీంకోర్టే ఇందులో తలపట్టుకుని కూర్చుంది. 2016లో లాక్‌హార్ట్ కేసు. పాత నేరం ఉన్నవాడికి కనీసం పదేళ్ల శిక్ష వేసే చట్టం అది. మూడు రకాల లైంగిక నేరాల పేర్లు వరసగా చెప్పి, చివర్లో 'మైనర్‌కు సంబంధించిన' అనే అర్థం వచ్చే మాట పెట్టారు. ఆ మాట మూడింటికీనా, మూడోదానికేనా? మూడోదానికే అని 6-2తో తీర్పిచ్చారు. ఒక మనిషి జైల్లో ఎన్నేళ్లుండాలో ఆ మాట ఎక్కడిదాకా పాకుతుందన్న దాని మీద తేలింది!

2021లో ఫేస్‌బుక్ కేసు వచ్చింది. అకౌంటే లేని ఒకాయనకు ఫేస్‌బుక్ నుంచి లాగిన్ హెచ్చరికల మెసేజ్‌లు వచ్చాయి. ఆటోమేటిక్‌గా నంబర్లు డయల్ చేసే యంత్రాల మీద 1991 నాటి చట్టం ఉంది కదా అని కోర్టుకెళ్లాడు. నంబర్లను 'స్టోర్ ఆర్ ప్రొడ్యూస్' చేసే పరికరం అని రాసి, కామా పెట్టి, ఆ తర్వాత ర్యాండమ్‌గానో వరసగానో నంబర్లు పుట్టించే జనరేటర్ వాడి అనే మాట చేర్చారు. ఈ చివరి మాట 'ప్రొడ్యూస్'కేనా, 'స్టోర్'కు కూడానా? ఈసారి రెండింటికీ అన్నారు, తొమ్మిది మంది జడ్జీలూ ఫేస్‌బుక్ వైపే తేల్చారు. తమాషా ఏంటంటే, 2016 తీర్పూ ఈ తీర్పూ రాసింది ఒకే జడ్జి, సోనియా సొటొమయోర్. కాబట్టి 'రూల్ ఒక్కటి బట్టీ పడితే చాలు' అనే యూట్యూబ్ వీడియోలను నేను నమ్మడం మానేశాను. రెండు అర్థాలు రాకుండా రాసుకోవడమే నయం.

నా వాక్యాన్ని ఇప్పుడైతే ఇలా రాస్తాను: 'వుయ్ విల్ టేక్ బ్యాక్ ఎనీ పీస్ దట్ హాజ్ ఎ స్టిచింగ్ డిఫెక్ట్, వెదర్ ప్యాంట్ ఆర్ జాకెట్.' లోపం అనే షరతును ముందు 'పీస్'కు కట్టేశాను. ప్యాంటా, జాకెట్టా అనేది తర్వాతి సంగతి.

కామా సంగతి కూడా అప్పుడే తెలిసింది. 'ద పీసెస్ విచ్ ఆర్ డిఫెక్టివ్' అంటే లోపమున్నవి మాత్రమే. 'ద పీసెస్, విచ్ ఆర్ డిఫెక్టివ్,' అని రెండు కామాలు పెడితే మొత్తం సరుకే లోపమున్నదని మనమే ఒప్పుకున్నట్టు! మనకు రెండు చోట్లా 'లోపమున్న పీసులు' అనే ఒక్క మాటే కాబట్టి ఆ తేడా చెవికి వినపడదు.

ఇక 'ఓన్లీ'. దీని మీద నాకు కొంచెం ప్రేమ ఉంది. 'ఐ యామ్ ఫ్రమ్ రాయదుర్గం ఓన్లీ' అంటే నవ్వేవాళ్లున్నారు. అది మన 'రాయదుర్గమే' లోని 'ఏ'. కన్నడంలో కూడా ఆ 'ఏ' ఉంది, హిందీలో 'హీ' ఉంది. మనకు ఒత్తి చెప్పే ముక్క మాట వెనకే అతుక్కుంటుంది, అందుకే ఓన్లీని కూడా వెనక తగిలిస్తాం. మాట్లాడేటప్పుడు నేనిప్పటికీ అలాగే అంటాను, ఏం సిగ్గు లేదు. కానీ రాసేటప్పుడు అది ఎక్కడుందో చూసుకుంటాను. 'ఓన్లీ నాయన సైన్డ్ ద చెక్' అంటే సంతకం పెట్టింది నాయనొక్కడే. 'నాయన సైన్డ్ ఓన్లీ ద చెక్' అంటే చెక్కు మీద తప్ప ఇంకే కాగితం మీదా పెట్టలేదు. 'నాయన ఓన్లీ సైన్డ్ ద చెక్' అంటే? సంతకం పెట్టి ఊరుకున్నాడు, బ్యాంకులో వేయలేదు అనైనా అనుకోవచ్చు, చెక్కు మీదే పెట్టాడు అనైనా అనుకోవచ్చు. నోటితో చెప్తే గొంతు ఒత్తి తేల్చేస్తాం. మెయిల్‌కు గొంతు లేదు కదా.

నా బయోడేటాలో ఇంకో ఆణిముత్యం ఉండేది: 'బీయింగ్ ఎ డ్రాట్ ఏరియా, మై ఫాదర్ స్టాప్డ్ ఫార్మింగ్.' తెలుగులో 'కరువు ప్రాంతం కావడంతో మా నాయన సేద్యం మానేశాడు' అంటే ఎవరికీ అనుమానం రాదు. ఇంగ్లిష్‌లో మాత్రం ఆ 'బీయింగ్' తన యజమాని కోసం కామా దాటి చూస్తుంది. అక్కడ దొరికేది నాయన! అంటే మా నాయనే కరువు ప్రాంతం. 'బికాజ్ అవర్స్ ఈజ్ ఎ డ్రాట్ ఏరియా' అని మార్చాను. అప్పటికే ఆ బయోడేటా ఎన్ని కంపెనీలకు పంపానో లెక్కలేదు.

మొన్న హైదరాబాద్ నుంచి కొత్త ఆర్డర్ వచ్చింది. షరతుల మెయిల్ మూడుసార్లు చదువుకున్నాను. మోసం చేసేవాడు ఎలా చదువుతాడో అని నాలుగోసారి చదివాను. నాయన మిషన్ ఆపి, నా భుజం మీద నుంచి ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"యాప్పా, ఈసారి ఎన్ని వాపసు వస్తాయి?"