గేరు గట్టిగా పడుతోందా? క్లచ్ ప్లేట్లు మార్చే ముందు ఇవి చూసుకోండి

సిగ్నల్ దగ్గర బైక్ ఆగింది. వెనక భార్య, మధ్యలో పాప. న్యూట్రల్ కోసం కాలితో ఎంత తొక్కినా పడటం లేదు. క్లచ్ పూర్తిగా పట్టుకున్నా బండి మెల్లగా ముందుకు జరుగుతోంది. మెహదీపట్నం, టోలీచౌకి రద్దీలోనైనా, కర్నూలు, గుంటూరు బజార్లలోనైనా చాలామందికి తెలిసిన ఇబ్బందే ఇది. వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే ఎక్కువసార్లు వినిపించే మాట ఒక్కటే: "ప్లేట్లు పోయాయి భాయ్."

నిజంగా ప్లేట్లు పోయి ఉండొచ్చు. కానీ గేరు గట్టిగా పడటానికి ప్లేట్లు ఒక్కటే కారణం కాదు. కేబుల్ లూజు, ఆయిల్, చైన్, వంగిన గేర్ రాడ్... వీటిలో ఏదైనా కావొచ్చు. కేబుల్ సరిచేయించడం చిన్న ఖర్చు. ఇంజిన్ పక్క కవర్ విప్పి ప్లేట్లు మార్చడం పెద్ద ఖర్చు. పైగా బండి ఒక రోజంతా షెడ్డులోనే ఉంటుంది. బైక్ మీదే డెలివరీ చేసి ఇల్లు నడిపేవారికి ఆ రోజు సంపాదన కూడా పోతుంది. అందుకే ఖర్చుకు ఒప్పుకునే ముందు జబ్బేమిటో తెలుసుకోవాలి.

క్లచ్ ఏం చేస్తుంది?

ఇంజిన్ తిరిగే శక్తిని గేర్ బాక్సుకు కలిపేదీ, విడదీసేదీ క్లచ్. స్ప్లెండర్, షైన్, పల్సర్ లాంటి బైకుల్లో రాపిడి ప్లేట్లు, ఉక్కు ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి పేర్చి ఉంటాయి. స్ప్రింగులు వాటిని నొక్కి పట్టుకుంటాయి. లివర్ పట్టగానే కేబుల్ ఆ ఒత్తిడిని తీసేస్తుంది, ప్లేట్లు విడిపోతాయి. ఈ ప్లేట్లన్నీ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. ఆయిల్ మంచి చెడూ క్లచ్ మీద పడేది అందుకే.

జబ్బులు రెండు, లక్షణాలు వేరు

ఒకటి, క్లచ్ పూర్తిగా విడిపోకపోవడం. గేరు గట్టిగా పడుతుంది, ఆగినప్పుడు న్యూట్రల్ దొరకదు, క్లచ్ పట్టినా బండి లాగుతుంది.

రెండు, క్లచ్ జారిపోవడం. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ వేగం పెరగదు. పుల్లింగ్ ఉండదు, మైలేజీ పడిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. ప్లేట్లు అరిగితే ఎక్కువగా కనిపించేది ఈ రెండో రకం. గేరు గట్టిగా పడటం ఒక్కటే ఉండి, పుల్లింగ్ బాగానే ఉంటే ముందు వేరే చోట వెతకాలి.

ఇంట్లోనే చేసే పరీక్ష

ఇంజిన్ ఆపి తాళం తీసేయండి. క్లచ్ పట్టుకుని, బండిని ముందుకీ వెనక్కీ కొంచెం కదుపుతూ గేర్లు ఒక్కొక్కటిగా మార్చండి. కదపకపోతే లోపలి పళ్లు ఎదురెదురుగా వచ్చి గేరు పడకపోవచ్చు, అది లోపం కాదు.

ఇంజిన్ ఆపినప్పుడు సులువుగా పడి, ఆన్‌లో ఉన్నప్పుడే గట్టిగా పడితే క్లచ్ సరిగ్గా విడిపోవడం లేదని అర్థం. రెండు సందర్భాల్లోనూ గట్టిగానే ఉంటే లోపం గేర్ రాడ్ దగ్గరో, గేర్ బాక్సులోనో ఉంటుంది.

పొద్దున్నే మొదటి గేరు వేయగానే వచ్చే "టక్" శబ్దానికి కంగారు పడక్కర్లేదు. రాత్రంతా నిలబడ్డ బండిలో చల్లబడిన ఆయిల్ వల్ల ప్లేట్లు కొంచెం అంటుకుని ఉంటాయి. వేడెక్కాక కూడా అలాగే ఉంటేనే చూపించాలి.

మొదట కేబుల్ చూడండి

క్లచ్ లివర్‌ను వేలితో మెల్లగా లాగితే, బిగువు తగిలే ముందు కొంచెం ఖాళీగా కదులుతుంది. దీన్నే మెకానిక్కులు "ప్లే" అంటారు. చాలా కమ్యూటర్ బైకులకు లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. కచ్చితమైన కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ప్లే మరీ ఎక్కువైతే లివర్ మొత్తం లాగినా ప్లేట్లు విడిపోవు, గేరు గట్టిగా పడుతుంది. అసలు ప్లే లేకపోతే ప్లేట్ల మీద ఒత్తిడి తగ్గి క్లచ్ జారుతుంది, త్వరగా అరిగిపోతుంది. రెండూ నష్టమే.

లివర్ దగ్గర ఉన్న లాక్ నట్ వదులు చేసి అడ్జస్టర్‌ను బయటికి తిప్పితే ప్లే తగ్గుతుంది, లోపలికి తిప్పితే పెరుగుతుంది. అక్కడ సరిపోకపోతే ఇంజిన్ దగ్గర ఇంకో అడ్జస్టర్ ఉంటుంది. తర్వాత హ్యాండిల్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి మళ్లీ చూడండి. ప్లే మారిపోతుంటే కేబుల్ ఎక్కడో ఇరుక్కుంది లేదా తప్పు దారిలో వేశారు.

లివర్ లాగడమే బరువుగా ఉంటే కేబుల్ లోపల తడి ఆరిపోయి, తుప్పు పట్టి ఉండొచ్చు. కొసన ఒక్క తీగ తెగి కనిపించినా ఆగకుండా కొత్తది వేయించండి. నడిరోడ్డు మీద కేబుల్ తెగితే పిల్లలతో ఉన్నవారికి ప్రమాదం. అలా తెగితే యాక్సిలరేటర్ వదిలి, బ్రేకులతో వేగం తగ్గిస్తూ పక్కకు తీయండి. బండి ఆగేటప్పుడు ఇంజిన్ ఆగిపోతుంది, భయపడొద్దు.

ఆయిల్‌లో పొదుపు వద్దు

కారు ఆయిల్ చౌకగా దొరికిందని బైక్‌లో పోసేవారున్నారు. చాలా కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్‌కు రాపిడే ప్రాణం. ఆ మందు వల్ల ప్లేట్లు జారతాయి. గేర్ల బైకులకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్ల కోసం. 10డబ్ల్యూ-30 లాంటి గ్రేడు కంపెనీ చెప్పిందే పోయాలి. పాతబడిన ఆయిల్, తగ్గిన ఆయిల్ కూడా గేర్లను గట్టిపరుస్తాయి.

చైన్, గేర్ రాడ్, ఐడ్లింగ్

చైన్ లూజుగా వేలాడుతుంటే గేరు మార్చిన ప్రతిసారీ కుదుపు, చప్పుడు వస్తాయి. చాలా కమ్యూటర్ బైకుల్లో చైన్ మధ్యలో పైకీ కిందికీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు కదలాలి. మరీ బిగించినా బేరింగులకు చేటు.

బండి ఒకసారి పడిందా? గేర్ రాడ్ వంగి ఇంజిన్ కవర్‌కు తగులుతుందేమో చూడండి. బోల్టు లూజైనా గేరు సగమే పడుతుంది. ఐడ్లింగ్ ఎక్కువగా ఉంటే మొదటి గేరు గట్టిగా తన్నినట్టు పడుతుంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 బైకుల్లో చాలావాటికి ఇంధనాన్ని సెన్సార్లు చూస్తాయి కాబట్టి, ఐడ్లింగ్‌ను ఇంట్లో గెలకొద్దు.

ప్లేట్లు మార్చాల్సిందే అయితే

పై గేరులో, ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు మోత పెరిగి వేగం పెరగకపోతే, కేబుల్ ప్లే, ఆయిల్ రెండూ సరిగ్గానే ఉంటే, ఇక ప్లేట్ల వంతు. అప్పుడు ఉస్తాద్‌ను నాలుగు మాటలు అడగండి:

పాత ప్లేట్లు నాకు చూపిస్తారా, మందం కొలిచారా?

ఉక్కు ప్లేట్లు వంగాయా, వేడికి నీలం రంగు తిరిగాయా?

స్ప్రింగుల పొడవు చూశారా? ప్లేట్లు కూర్చునే గిన్నెలో గాడులు పడ్డాయా?

కొత్త ప్లేట్లను ఆయిల్‌లో నానబెట్టి వేస్తున్నారా?

మూడో ప్రశ్న ముఖ్యం. గాడులు పడితే ప్లేట్లు అక్కడే చిక్కుకుంటాయి. కొత్త ప్లేట్లు వేసినా గేరు గట్టిగానే పడుతుంది, డబ్బు వృథా. పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు విసుక్కోడు.

అలవాట్లతోనే సగం ఖర్చు ఆగుతుంది

నడిపేటప్పుడు క్లచ్ మీద వేళ్లు ఆనించి ఉంచకండి. ట్రాఫిక్‌లో సగం క్లచ్‌తో బండిని నిలబెట్టకుండా బ్రేక్ వాడండి. ఎక్కువసేపు ఆగే సిగ్నల్ దగ్గర బండి పూర్తిగా ఆగకముందే న్యూట్రల్‌కు రండి, అప్పుడు సులువుగా పడుతుంది. బరువుతో ఉన్నప్పుడు రెండో గేరులో కాకుండా మొదటి గేరులోనే కదలండి. నెలకోసారి ప్లే, చైన్, ఆయిల్ చూసుకోవడానికి పది నిమిషాలు చాలు. ఇంట్లో కొత్తగా బండి నేర్చుకుంటున్న అబ్బాయి ఉంటే, తాళం ఇచ్చే ముందు ఈ పది నిమిషాల పనీ నేర్పండి.