ఏడాది లక్ష్యం, ఈ రోజు పని: డెంటల్ క్లినిక్ లెక్క

బ్యాంకు ఉద్యోగి ఇంట్లో ‘టార్గెట్’ అనే మాట తెలియనివారు ఉండరు. ఏప్రిల్‌లో ఏడాది లక్ష్యం వస్తుంది, అది బ్రాంచీలకు పంపకమవుతుంది, మార్చి వచ్చేసరికి ఇంట్లో భోజనాల వేళలే మారిపోతాయి. అదే ఇంట్లో బీడీఎస్ పూర్తిచేసి సొంత క్లినిక్ పెట్టిన అమ్మాయో అబ్బాయో ఉంటే, వారి లక్ష్యం మాత్రం చాలాసార్లు ‘ఈ ఏడాది బాగా నడవాలి’ అన్న దగ్గరే ఆగిపోతుంది. ఐదేళ్ల చదువులో పంటి గురించి నేర్పినంతగా జమాఖర్చుల గురించి నేర్పరు. ఆ లోటు తీర్చడంలో మన ఇళ్లలోని పెద్దల అనుభవం బాగా పనికొస్తుంది.

ఏడాది అంకె ఎక్కడి నుంచి రావాలి?

పక్కవీధి క్లినిక్ సంపాదన విని మన అంకె వేసుకోకూడదు. మన ఖర్చుల నుంచే అది రావాలి. ఒక చిన్న క్లినిక్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఒక డాక్టర్, ఒక అసిస్టెంటు, ఒక రిసెప్షనిస్టు. నెలకు అద్దె 25,000. ఇద్దరి జీతాలు 30,000. మందులు, సామగ్రి, ల్యాబ్ బిల్లులు 55,000. కరెంటు, మరమ్మతులు 10,000. ముద్రా తరుణ్ విభాగంలో తీసుకున్న 10 లక్షల రుణానికి, ఐదేళ్ల గడువైతే, నెల వాయిదా సుమారు 22,000. డాక్టర్ ఇంటి ఖర్చుకు 80,000. ఆదాయపు పన్నుకు, రేపటి పరికరాలకు 18,000. మొత్తం 2,40,000. ఏడాదికి 28,80,000.

ఇప్పుడు పనిదినాలు. 365 రోజుల్లో 52 ఆదివారాలు తీసేస్తే 313. సంక్రాంతి, ఉగాది, దసరా, దీపావళి, ఇంట్లో పెళ్లిళ్లు, ఒంట్లో బాగాలేని రోజులు కలిపి మరో 25 తీసేద్దాం. మిగిలేవి 288. రోజుకు 10,000 రూపాయలు. 28 లక్షలంటే గుండె జారుతుంది. 10,000 అంటే ఆలోచన మొదలవుతుంది.

రూపాయల నుంచి మనుషులకు

రిసెప్షనిస్టుకు ‘రోజుకు పదివేలు రావాలి’ అని చెబితే ఆమె ఏం చేయగలదు? కాబట్టి ఆ అంకెను పనిగా మార్చాలి. గత మూడు నెలల రాబడిని, వచ్చిన మనిషి రాకల సంఖ్యతో భాగించండి. ఒక్కో రాకకు సగటున 1,000 వస్తోందనుకుంటే, రోజుకు 10 మంది రావాలి. అపాయింట్‌మెంటు తీసుకున్నవారిలో అయిదుగురికి ఒకరు రావడం లేదని రిజిస్టరు చెబితే, 10 మంది రావడానికి 12 లేదా 13 అపాయింట్‌మెంట్లు ఉండాలి. ఇక్కడ రెండు దారులు కనిపిస్తాయి: కొత్తవారిని వెతకడం, లేదా రానివారిని తగ్గించడం. రెండోదానికి ఫోను ఖర్చు తప్ప మరేమీ అక్కర్లేదు.

ఎవరి పని వారికి

రిసెప్షనిస్టు: రేపటి జాబితాలో ఉన్న అందరికీ ఈ సాయంత్రమే ఫోను. రోజూ పాత రిజిస్టరులోంచి మరో అయిదుగురికి పలకరింపు. ఈ అయిదుగురిలో ముందు వరసలో ఉండాల్సింది రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకోనివారు. నొప్పి తగ్గగానే చాలామంది మళ్లీ రారు. క్యాప్ లేని దవడ పన్ను నములుతుండగా విరిగిపోవచ్చు. అందుకే ఈ ఫోను క్లినిక్‌కు ఎంత మేలో, వారికి అంతకంటే ఎక్కువ మేలు.

అసిస్టెంటు: మొదటి పేషెంటు వచ్చేలోపు చైర్ సిద్ధం, పరికరాల సెట్లు శుభ్రం. ఆటోక్లేవ్ 121 డిగ్రీల వేడిలో తన సమయం తాను తీసుకుంటుంది, హడావుడి ఎంత ఉన్నా దాన్ని కుదించకూడదు. రోజుకు 10 మంది అనుకుని సెట్లు నాలుగే ఉంటే, మధ్యలో ఎన్నిసార్లు ఆటోక్లేవ్ పెట్టాలో పొద్దున్నే తేల్చుకోవాలి. లేదంటే లక్ష్యం కాగితం మీదే ఉంటుంది.

డాక్టర్: ఇచ్చిన సమయానికి మొదలుపెట్టడం. చికిత్స ఏమిటి, ఎన్నిసార్లు రావాలి, ఎంత అవుతుంది, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఈ నాలుగూ ప్రతి ఒక్కరికీ కాగితం మీద రాసి ఇవ్వడం.

దాటకూడని గీత

ఇంతవరకు ఎక్కడా ‘రోజుకు రెండు రూట్ కెనాల్స్’ అనే లక్ష్యం లేదని గమనించే ఉంటారు. అది కావాలనే వదిలేశాం. నెలాఖరు ఒత్తిడిలో అవసరం లేని పాలసీ అంటగడితే కస్టమరు ఎంత నొచ్చుకుంటాడో మనకు తెలుసు. అయినా ఆ డబ్బు ఏదో ఒక దారిన తిరిగి రావచ్చు. ఫిల్లింగ్‌తో పోయే పుచ్చుకు రూట్ కెనాల్ చేస్తే, ఆ పంటిని మునుపటిలా చేయడం ఎవరివల్లా కాదు. అందుకే చికిత్స ఏదన్నది పన్ను చూసి నిర్ణయించాలి, బోర్డు చూసి కాదు. ఫోన్లు, సమయపాలన, శుభ్రత, వివరంగా చెప్పడం, వీటికి మాత్రమే రోజువారీ లక్ష్యం పెట్టాలి. రూపాయల లెక్క డాక్టర్ పుస్తకంలో ఉంటే చాలు, గోడమీద అక్కర్లేదు. సిబ్బందికి ప్రోత్సాహకం ఇవ్వాలనుకున్నా, బిల్లు మొత్తం మీద కాక, చేసిన పనుల మీద ఇవ్వండి.

పొద్దున పది నిమిషాలు

తలుపులు తీసే ముందు ముగ్గురూ నిలబడే మాట్లాడుకోవచ్చు. నిన్న ఎంతమంది రాలేదు, ఎందుకు? ఈ రోజు ఎవరెవరు వస్తున్నారు, ఎవరి క్యాప్ ల్యాబ్ నుంచి ఇంకా రాలేదు? ఖాళీ ఉన్న వేళల్లో ఎవరిని పిలవాలి? ఈ మూడు ప్రశ్నలు చాలు.

రోజులన్నీ ఒకలా ఉండవు. పండుగ వారం బోసిపోతుంది, వేసవి సెలవుల్లో పిల్లలతో నిండిపోతుంది. కాబట్టి ఒక్కరోజు తక్కువైందని కంగారు పడకుండా వారం మొత్తం చూడండి. వరసగా మూడు వారాలు తగ్గితే, సిబ్బందిని మందలించే ముందు లెక్కను మళ్లీ చూడండి. ఒక్కో రాకకు సగటు మారిందా, రానివారు పెరిగారా, ఖర్చు పెరిగిందా తెలుస్తుంది.

కొత్తగా క్లినిక్ తెరిచినవారికి పాత లెక్కలుండవు. వారు మొదటి మూడు నెలలు ఏ లక్ష్యమూ పెట్టుకోకుండా ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఎంత చెల్లించారు అని రోజూ రాస్తే చాలు. రిజిస్టరు గీసి ఇవ్వడం, ఆదివారం కూర్చుని కూడికలు సరిచూడడం ఇంట్లో పెద్దవాళ్లకు కొత్త పనేమీ కాదు.