సగటునకు ఎంత దూరము?

ఒక విద్యార్థికి తెలుగులో 70, గణితములో 60 మార్కులు వచ్చినవనుకొందము. గణితమున వెనుకబడెనని తండ్రి మందలింపవచ్చును. కాని తరగతి సగటు తెలుగులో 60, గణితములో 40. మార్కులు సగటునకు ఇరువైపుల ఎంతగా చెదరియున్నవో తెలుపునది ప్రామాణిక విచలనము. అది రెండింటను 10. మార్కులనుండి సగటును తీసివేసి, శేషమును ఈ విచలనముచే భాగించిన ప్రామాణికాంకము లభించును. అది తెలుగులో 1, గణితములో 2.

బెల్జియము శాస్త్రజ్ఞుడు కెటిలే 1846లో 5,738 మంది స్కాట్లండు సైనికుల ఛాతి కొలతలను ప్రకటించెను. పెక్కుమంది కొలతలు 40 అంగుళముల చెంతనే యుండెను. ఇరువైపులకు పోయినకొలది సంఖ్య తగ్గెను. గంట ఆకారముగల ఇట్టి అమరికయే సామాన్య విభాజనము. మార్కులును ఇట్లే అమరినచో, ప్రామాణికాంకము 1ని మించువారు నూటికి సుమారు 16 మంది. 2ను మించువారు ఇద్దరు ముగ్గురే. కావున ఆ బాలుడు గణితమున మందలింపునకు గాక మెప్పునకే అర్హుడు.