ఎండలు తగ్గినా అండాన్ని వీడని వేడి

మేలుజాతి ఆవు తన జీవితకాలంలో ఈనే దూడలు కొన్నే. ఐవీఎఫ్ విధానంలో దాని అండాశయం నుంచి అండాలను సూదితో సేకరించి, ప్రయోగశాలలో ఆబోతు వీర్యంతో ఫలదీకరించి, ఏడు రోజులు పెంచిన పిండాలను సాధారణ ఆవుల గర్భంలో ప్రవేశపెడతారు. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఇలా నిలిచిన ఒక్కో చూలుకు కేంద్రం రూ.5,000 రాయితీ కల్పించింది. అయితే ఎన్ని పిండాలు దక్కుతాయన్నది ప్రయోగశాల నైపుణ్యం ఒక్కదానితోనే తేలదు. ఆవు జాతి, అండాలు తీసిన కాలం కూడా అంతే కీలకం.

ఒంగోలు, గిర్, సాహివాల్ వంటి మూపురపు జాతుల అండాశయాల్లో హోల్‌స్టీన్ ఆవుల కంటే ఎక్కువ అండపుటికలు ఎదుగుతాయి. అందువల్ల ఒక్కో విడతలో దొరికే అండాలూ ఎక్కువే. ఈ రంగంలో బ్రెజిల్ ముందుండటానికి ఇదొక ప్రధాన కారణం. అక్కడి నెలోర్ పశువులు ఒంగోలు జాతి సంతతే. ఆ పేరు నెల్లూరు నుంచి వచ్చింది.

కాలం ప్రభావం ఇంత సూటిగా ఉండదు. అధిక పాలిచ్చే హోల్‌స్టీన్ ఆవు శరీరంలో పాల ఉత్పత్తి వల్లే చాలా వేడి పుడుతుంది. ఎండలు తోడైతే ఆ వేడిని అది బయటకు పంపలేదు. అప్పుడు అండం పైకి బాగానే కనిపించినా, ఫలదీకరణ జరిగినా, పిండం తొలి రోజుల్లోనే ఎదుగుదల ఆపేస్తుంది. పైగా అండపుటిక పూర్తిగా ఎదగడానికి నెలలు పడుతుంది. మే నెల వేడికి గురైన చిన్న పుటికలోని అండం వానలు పడ్డాక గానీ సేకరణకు రాదు. అందుకే వాతావరణం చల్లబడ్డాక కూడా కొన్ని వారాలు ఫలితాలు నిరాశపరుస్తాయి. రైతు ప్రయోగశాలను తప్పుపట్టేది సరిగ్గా అప్పుడే. దెబ్బతిన్న పుటికలను తరచూ ఖాళీ చేస్తే నాణ్యత త్వరగా కోలుకుంటుందని పరిశోధనల్లో తేలింది.

మూపురపు జాతులు వేడిని మెరుగ్గా తట్టుకుంటాయి. వాటికీ పూర్తి రక్షణ లేదు. బ్రెజిల్‌లో గిర్ ఆవులను ఎక్కువ రోజులు వేడిలో ఉంచినప్పుడు, అండాల నాణ్యతలో నష్టం ఆలస్యంగా బయటపడింది.

ఏడు రోజుల పిండం మాత్రం ఒక రోజు పిండం కంటే వేడికి బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి చలికాలంలో పిండాలు తయారుచేసి, శీతలీకరించి, వేసవిలో మార్పిడి చేయడం ఒక మార్గం. కాకపోతే ప్రయోగశాల పిండాలు శీతలీకరణను అంతగా తట్టుకోవు. తాజా పిండాలతో పోలిస్తే నిలిచే చూళ్లు సాధారణంగా తక్కువే.