నీటిలో మిగిలిన మందు

రోగాన్ని పోగొట్టే మందే నీటిలో చేరితే? హైదరాబాదు చెంతనున్న పటాన్‌చెరు ఈ ప్రశ్నను ప్రపంచం ముందుంచింది. అక్కడ దాదాపు 90 ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో వెల్లడించారు. ఇలాంటి నీటిలో మందుకు లొంగని సూక్ష్మజీవులే బతికి వృద్ధి చెందుతాయి. రేపు మన బిడ్డకు జబ్బు చేస్తే ఆ మందు పనిచేయకపోవచ్చు.

మామూలు శుద్ధి కేంద్రాల్లో మలినాన్ని తినేవి బాక్టీరియాలు. వాటిని చంపడానికే తయారైన మందును అవి పూర్తిగా విచ్ఛిన్నం చేయలేవు. హైడ్రోజన్ పెరాక్సైడుకు అతినీలలోహిత కిరణాలను గాని, ఓజోనును గాని, ఇనుప లవణాన్ని గాని జోడిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. క్షణంలో అత్యల్ప భాగమే నిలిచే ఈ కణం, ఎదురైన మందు అణువును ముక్కలు చేస్తుంది. ఇదే ఉన్నత ఆక్సీకరణ. ఇనుముతో జరిగే చర్యను ఫెంటన్ 1894లోనే వివరించాడు. అయితే ముక్కలన్నీ నిరపాయకరం కావు. ఇతర మురికి ఎక్కువైతే రాడికళ్లు దానిపైనే ఖర్చయిపోతాయి. కనుక ముందూ వెనుకా ఇతర శుద్ధి కూడా అవసరం. స్విట్జర్లాండు 2016 నుండి ఎంపిక చేసిన కేంద్రాలలో ఓజోను లేక ఉత్తేజిత బొగ్గుతో అదనపు శుద్ధిని చట్టబద్ధం చేసింది.

బోరునీటితో చీనీ తోటలను కాపాడుకునే సింహాద్రిపురం వంటి సీమ పల్లెలకు నీటి విలువ మేము చెప్పనక్కరలేదు. వంటకైనా, వుజూకైనా నీరే ఆధారం. మిగిలిన మాత్రలను మురుగుకాలువలో వేయకపోవడం, వైద్యుడు వ్రాయని యాంటీబయాటిక్ కొనకపోవడం మన వంతు. వ్యర్థజలం గేటు దాటకముందే శుద్ధి చేయడం పరిశ్రమల వంతు. ఆ ఖర్చు వారు భరించకుంటే మన పిల్లలు భరించవలసి వస్తుంది.