డ్రెయిన్ కంటే ముందు ఫిల్లర్

ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండేళ్లు చదివి, ఏదో సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌గా చేరారనుకోండి. ఇంజన్ ఆయిల్ మార్చడం మొదటి వారంలోనే వచ్చేస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి ర్యాంప్ ఎక్కిందంటే మాత్రం చాలామంది కుర్రాళ్లు ఒక అడుగు వెనక్కి వేస్తారు. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు వి-క్రాస్ లాంటి పికప్‌నే తీసుకోండి. ఫోర్ వీల్ రకంలో గేర్ బాక్సు కాక ఆయిల్ చూడాల్సిన చోట్లు మరో మూడు ఉంటాయి. ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, నడుమ ట్రాన్స్‌ఫర్ కేసు. అన్నింటికీ ఒకే డబ్బాలోంచి పోసేస్తానంటే కుదరదు.

షెడ్డుల్లో అందరూ ‘90 ఆయిల్’ అంటారు. ఆ మాట సగమే. 90 అనేది చిక్కదనం. ఇంజన్ ఆయిల్ అంకెలతో దీన్ని పోల్చకండి, రెండింటి కొలమానాలు వేరు. గేర్ ఆయిల్లో 90 అంటే చిక్కదనంలో సుమారుగా ఇంజన్ ఆయిల్ 40, 50లకు దగ్గర. ముందుండే 80డబ్ల్యూ చలికి సంబంధించింది. సున్నాకు 26 డిగ్రీలు కిందికి వెళ్లినా కదలగలదని దాని లెక్క కాబట్టి మన లంబసింగి చలి దానికి లెక్కే కాదు. బరువులు లాగే బండికి 85డబ్ల్యూ-140 పోయమని కొన్ని మాన్యువల్స్ చెబుతాయి. చెప్పని బండికి ‘చిక్కగా ఉంటే మంచిదిలే’ అని పోస్తే గేర్లు తిరగడానికి అడ్డం పడుతుంది, డీజిలు తాగుతుంది.

మిగతా సగం డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని ఉంటుంది. అసలు కథ ఇక్కడే. క్రౌన్, పినియన్ పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాదు, విపరీతమైన ఒత్తిడిలో రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తెగిపోయినా లోహాన్ని కాపాడేందుకు గంధకం, భాస్వరం కలిపిన రసాయనాలు జీఎల్-5లో ఎక్కువగా ఉంటాయి. డిఫరెన్షియల్‌కు జీఎల్-4 పోస్తే పళ్లు గీరుకుపోతాయి. అలాగని జీఎల్-5ను గేర్ బాక్సులో పోస్తే, అక్కడి ఇత్తడి సింక్రో రింగుల్ని ఆ రసాయనాలే తినేసే ప్రమాదం ఉంది. కొన్ని ఆయిల్స్ రెండింటికీ పనికొస్తాయి. ఆ మాట కౌంటర్ దగ్గర కుర్రాడు చెబితే చాలదు, బండి మాన్యువల్లో ఉండాలి. లిమిటెడ్ స్లిప్ రకం డిఫరెన్షియల్‌లో క్లచ్ ప్లేట్లుంటే వాటికి ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిసిన ఆయిలే కావాలి. లేకపోతే మలుపు తిప్పినప్పుడల్లా బండి వణుకుతుంది.

ఇక పనిలోకి. బండిని కాసేపు తిప్పి తెస్తే ఆయిల్ వేడెక్కి బాగా దిగుతుంది. నేల సమంగా ఉండాలి. ముందు పైనున్న ఫిల్లర్ బోల్టు విప్పండి, తర్వాతే డ్రెయిన్. ఎందుకంటారా? డ్రెయిన్ తీసి మడ్డి అంతా దించేశాక, తుప్పు పట్టిన ఫిల్లర్ రాకపోతే పోసే దారి లేదు. ఖాళీ హౌసింగ్‌తో కస్టమర్ బండి ర్యాంప్ మీదే ఉండిపోతుంది.

దిగిన ఆయిల్ని అలా పక్కన పెట్టేయకండి, చూడండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి ముద్ద అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే ముక్కలు తగిలితే వెంటనే మేస్త్రీని పిలవండి. క్రౌన్, పినియన్ జతగానే మార్చాలి, ఆ బిల్లు ఓనర్‌కు గట్టిగానే తగులుతుంది. ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందా? నీళ్లు చేరాయి. వాగు దాటిన బండ్లలో ఇది చూస్తాం. వేడి హౌసింగ్ చన్నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, బ్రీదర్ నుంచో సీళ్ల నుంచో నీటిని పీల్చుకుంటుంది. అప్పుడు ఆయిల్ మార్చి ఊరుకుంటే చాలదు, బ్రీదర్ పైపు కూడా చూడాలి. మట్టితో మూసుకుపోయిన బ్రీదర్ వల్లే సీలు కారుతున్న బండ్లూ ఉంటాయి.

డ్రెయిన్‌కు కొత్త వాషర్ వేసి బిగించండి, మాన్యువల్ చెప్పిన టార్క్ వరకే. పానాకు పైపు తగిలించి లాగకండి. చాలా బండ్లలో ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి ఆయిల్ పొర్లడం మొదలవగానే ఆపాలి. ఇంకాస్త ఉండనీ అని ఎక్కిస్తే నురగ కట్టి సీళ్లలోంచి బయటికి, అక్కడ్నుంచి వెనక బ్రేకు షూల మీదికి చేరుతుంది.

పాత ఆయిల్ డ్రైనేజీలో పోయడం నేరం, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి. జాబ్ కార్డు మీద ‘ఆయిల్ మార్చాం’ అని వదిలేయకుండా గ్రేడు, జీఎల్ అంకె, ఆనాటి కిలోమీటర్లు, అయస్కాంతం మీద మీరు చూసింది రాయండి. వచ్చేసారి ఆ బండిని విప్పేవాడు ముందు ఆ కార్డే అడుగుతాడు.