వృద్ధుల దేహసంరక్షణ - వైద్యవ్యయము

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్ట గ్రామములలో పత్తితీతలు, మిరపకోతలు వచ్చినవనిన ఇంటనున్న పడుచువారెల్లరు ప్రొద్దు పొడువకమునుపే చేలకు పోవుదురు. ఇంటిపట్టున మిగులువారు వృద్ధులు. సాయంకాలము వరకు తమ దేహమును తామే కనిపెట్టుకొనవలెను. వారు ఎట్లు కనిపెట్టుకొందురో దానినిబట్టియే ఆ ఇంటి వైద్యవ్యయము చాలవరకు నిర్ణయమగుచున్నది. ఈ సంగతిని పంచాయతీ సభ్యుల దృష్టికి తేదలచితిమి.

ఆసుపత్రి చికిత్సకు ప్రభుత్వ సహాయము లేకపోలేదు. 2007లో ఆరోగ్యశ్రీ పేర ఆరంభమైన పథకము నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడచుచున్నది. ఆయుష్మాన్ భారత్ పథకమును 2024 అక్టోబరులో 70 ఏండ్లు నిండిన వారందరికిని విస్తరింపజేసి, సంవత్సరమునకు కుటుంబమునకు 5 లక్షల రూపాయల వరకు చికిత్స కల్పించిరి. ఇక ఖర్చేమున్నదని కొందరనవచ్చును. ఈ పథకములు ముఖ్యముగా ఆసుపత్రిలో చేరినవారి కొరకు ఏర్పడినవి. అంగడిలో కొను నిత్యపు మాత్రలు, ఆటో కిరాయి, తోడు పోయినవాని భోజనము, అతడు పోగొట్టుకొను కూలి మన చేతినుండియే పోవును. జగ్గయ్యపేటనుండి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు; పెద్ద జబ్బుకు అంతదూరము పలుమార్లు తిరుగవలసివచ్చును.

మధుమేహమును చూడుడు. చక్కెర ఏండ్లతరబడి అదుపు తప్పిన పాదములలో స్పర్శ తగ్గును. పత్తిమోడు గ్రుచ్చుకొన్నను తెలియదు. నొప్పి లేదు గనుక ఎవరికిని చూపరు. పుండు ముదిరి చీము ఎముకకు దిగును. తుదకు వ్రేలో కాలో తీసివేయవలసివచ్చును. శస్త్రచికిత్స ఉచితముగనే జరుగవచ్చును గాని, పిమ్మట ఆ పెద్దవానిని లేవదీసి కూర్చుండబెట్టుటకు కోడలో కూతురో పని మానుకొనవలెను. ఆ నష్టము ఏ బిల్లులోను కానరాదు. దీనిని తప్పించుటకు చేయవలసినది స్వల్పము. ప్రతిరాత్రి పాదములు కడిగి, పొడిగుడ్డతో తుడిచి, అరికాళ్లును వ్రేళ్ల సందులును చూచుకొనవలెను. చూపు ఆననిచో మనుమడు చూచి చెప్పవచ్చును. వేడినీరు వాడినచో మరియొకరు చేయిపెట్టి చూడవలెను; మొద్దుబారిన పాదమునకు కాలినదియు తెలియదు. చేలో చెప్పులు విడువరాదు.

రక్తపుపోటు విషయమున పొరపాటు వేరు. బాధ లేదని మాత్ర మానుదురు. బాధ లేకున్నను పోటు లోపల ఉండవచ్చును. అదుపులో నున్నచో అది మాత్రవలననే కావచ్చును. నెలకు వచ్చు 4,000 రూపాయల పింఛనును పొదుపుచేయ నెంచి, ఒకదినపు మాత్రను రెండుదినములకు సర్దువారు కలరు. పక్షవాతము వచ్చిననాడు ఆ పొదుపు ఎంతటిదో తెలియును. ఉప్పు దినమునకు 5 గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, తక్కువగా ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఊరగాయ, అప్పడము, ఊరమిరపకాయ కలుపుకొని ఈ లెక్క. ఆవకాయ మానుడని మేమనము, మానువారును లేరు. ఒక బద్దతో సరిపెట్టుకొనినచో చాలును.

కీళ్లనొప్పులకు అంగడిలో అడిగి కొను మాత్రలను నెలలతరబడి మ్రింగుట మూత్రపిండములకు హాని. మన పొరుగున ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండ వ్యాధి కుటుంబములను ఎట్లు క్రుంగదీసినదో సభ్యులెరుగుదురు. అచటి కారణములు వేరు కావచ్చును. డయాలసిస్ కొరకు వారమునకు రెండు మూడు పర్యాయములు తిరుగు భారము మాత్రము ఎవరికైనను ఒకటే.

జాగ్రత్తపడిన వెంటనే ఖర్చు తగ్గునని మేము చెప్పజాలము. పరీక్షలు, మాత్రలు చేరి మొదట కొంత పెరుగవచ్చును. ఫలితము ఏండ్లమీద తెలియును. ఎంత జాగ్రత్తపడినను వచ్చు వ్యాధులును కలవు గనుక మంచమునబడిన వృద్ధుని నిందింపరాదు.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఆరోగ్యమును చేర్చినది. గ్రామ ఆరోగ్య కేంద్రములలో రక్తపుపోటు, చక్కెర పరీక్షలు ఉచితముగా చేయుదురు; మాత్రలును ఇత్తురు. పింఛను ఒకటవ తేదీన ఇంటికే వచ్చుచుండగా, మాత్రకు నడువలేని ముసలివారు ఎందరున్నారో ఆశా కార్యకర్తతో కూర్చుండి సభ్యులు వీధివారీ జాబితా వ్రాసికొనవలెను. గ్రామసభలో వీధిదీపముల సంగతి అడుగునట్లే, గడచిన మాసమున కేంద్రములో ఈ మాత్రలు ఎన్నిదినములు లేకపోయినవో అడిగి, ఆ సమాధానమును తీర్మానముల పుస్తకమున వ్రాయింపవలెను.